తొలి పంచె

మగపిల్లాడికి బట్టలు కొనడానికి ఎంతసేపు పడుతుంది? ఒక ప్యాంటు, ఒక చొక్కా, అయిపాయె అనుకుంటాం. నేనూ అట్లాగే అనుకునేదాన్ని, నిరుడు వైశాఖంలో మా తమ్ముడి పెళ్లి కుదిరేదాకా. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే మా అబ్బాయికి ఒక పంచె కొనడానికి నెల రోజులు పట్టిందంటే నమ్ముతారా?

మా పుట్టిల్లు కల్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. వాన కోసం ఆకాశం వైపు, వేరుశనక్కాయ కోసం నేల వైపు చూస్తూ బతికే ఊరు. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మాదీ ఒకటని చిన్నప్పుడు బళ్లో చదువుకుంటూ, అదేదో ఘనకార్యమైనట్టు గట్టిగా అప్పజెప్పేవాళ్లం. మా నాయన చేలో ఉంటే పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టేవాడు. అనంతపురం మార్కెట్టుకు పోవాలంటే మాత్రం ఉతికిన పంచె గోచి పోసి, కుచ్చిళ్లు సర్ది, భుజాన కండువా వేసుకుని గానీ గడప దాటేవాడు కాదు. కాయలు పండని ఏడు కూడా ఆ పంచె తెలుపు తగ్గింది లేదు.

రెండేళ్ల కిందట నాయనకు పక్షవాతం వచ్చింది. ప్రాణానికి గండం తప్పింది గానీ కుడి చెయ్యి పడిపోయింది. అప్పటినుంచి ఇంట్లో ఎలాస్టిక్ పైజామాలే. అమ్మ పంచె కట్టబోతే కసురుకునేవాడు. తమ్ముడి పెళ్లి మాటలు అయిపోయిన రోజు రాత్రి, ఎవరూ అడక్కుండానే చెప్పేశాడు.

"పైజామా ఏసుకుని పెండ్లి పీటల కాడ నేను కూసోను పాపా. మీ చిన్నాయనను కూసోబెట్టండి."

అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. తమ్ముడు గట్టిగా ఏదో అనబోయి ఊరుకున్నాడు. మా ఆయనకు పంచె కట్టడం రాదు. ఆయన పెళ్లికే పురోహితుడు కట్టించాడు! అప్పుడు మావాడు సెల్‌ఫోన్ పక్కన పెట్టి అన్నాడు: "తాతా, నాకు నేర్పించు. నేను కట్టుకుంటా, నీకూ కడతా."

నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేర్సుకోవాలంటే నీకంటూ ఒక పంచె ఉండొద్దా రా" అన్నాడు. ఇంట్లో మిగిలినవి రెండే పాత పంచెలు, రెండూ చిరుగులు పట్టినవే. అందుకని తాతకొకటి, మనవడికొకటి కొత్తవి కొందామనుకున్నాం. రెంటికీ కలిపి నేను పక్కన పెట్టగలిగింది 2,500 రూపాయలు. పెళ్లి ఖర్చుల్లో అంతకంటే తీయడానికి లేదు.

మెరిసేదంతా పట్టు కాదు

కోస్తాలోనూ తెలంగాణలోనూ మగపిల్లలకు పంచెల వేడుక చేస్తారు. మా ఇంట్లో ఆ ఆనవాయితీ లేదు. అందుకే మొదటి పంచె ఎట్లాంటిది కొనాలో చెప్పేవాళ్లు కూడా లేరు. ఎండలు మండిపోతున్నాయి, అంగళ్ల వెంట తిరగలేం, ఆన్‌లైన్‌లో తెప్పించేద్దామన్నాడు మావాడు. వాడికి నచ్చిందే పెట్టమన్నాను. "ప్యూర్ సిల్క్ పంచె, ఉత్తరీయం, బెల్టు, అన్నీ కలిపి 599." ఫొటోలో కుర్రాడు పెళ్లికొడుకులా మెరిసిపోతున్నాడు.

ఐదో రోజు పార్సిల్ వచ్చింది. విప్పి చూస్తే నడుము దగ్గర అంటించుకునే పట్టీ కుట్టిన రెండు మీటర్ల ముక్క! అంటే నాలుగు మూరలు. చుట్టుకోవడానికి సరిపోతుంది గానీ గోచి పోయడానికి ఎట్లా వస్తుంది? కిటికీ దగ్గర పెట్టి చూస్తే అవతల చెట్టు కనిపిస్తోంది. నాయన ఎడమచేత్తో తడిమి, "ఇది గుడ్డ కాదు పాపా, యూరియా సంచి" అన్నాడు.

అంచులోంచి ఒక పోగు లాగి కాల్చి చూశాను. ఈ పరీక్ష మీరూ చేయొచ్చు. అసలు పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. నూలైతే కాగితం కాలిన వాసన. పాలిస్టరైతే కరిగి ముద్దయి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. మాకు మిగిలింది పూసే!

మళ్లీ ఆ ప్రకటన తెరిచి చదివాను. పైన పెద్దక్షరాల్లో "ప్యూర్ సిల్క్". కింద, వేలితో చాలాసేపు జరిపితే గానీ కనిపించని చోట "సిల్క్ ఫినిష్, 2 మీ." పొడుగు చూసుకోకపోవడం మా తప్పే. కానీ పట్టని చెప్పి పాలిస్టర్ పంపడం ఎవరి తప్పు?

"సెట్టు విప్పితే వాపసు లేదు" అని జవాబొచ్చింది. ఐదారొందలకు ఎందుకులే తలనొప్పి అన్నారు మా ఆయన. నాకు మాత్రం మనసొప్పలేదు. ఆ ఐదారొందలు మా ఊళ్లో కూలికి పోయే ఆడమనిషి ఎండలో ఎన్ని పూటలు వంగితే వస్తాయో నాకు తెలుసు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే వెనక్కి తీసుకోనని అమ్మినవాళ్లు అనకూడదు. ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు సైటులో ఉంచాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ప్రకటన ఫొటో, పంచె ఫొటో జతచేసి, ఈ నిబంధన పేరు రాసి పంపాను. పన్నెండో రోజుకు డబ్బు వాపసు వచ్చింది. రాకపోతే 1915 నంబరుకు ఫోన్ చేద్దామనుకున్నాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. ఈ నంబరు వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.

తాత పెట్టిన పరీక్ష

రెండోసారి మావాడు ఫోను తాత చేతికే ఇచ్చాడు. నాయన అద్దాలు పెట్టుకుని బొమ్మల కేసి చూడకుండా కొలతలు అడగడం మొదలుపెట్టాడు. "పొడుగెంత? పన్నా ఎంత? నూలేనా?"

పంచె కొనేటప్పుడు మొదట చూడాల్సింది పొడుగట. నాలుగు మూరలది లుంగీలా చుట్టుకోవడానికి. గోచి పోసి కట్టాలంటే ఎనిమిది మూరలు, అంటే నాలుగు గజాలన్నా ఉండాలి. కాస్త ఒళ్లున్నవాళ్లకు తొమ్మిది, పది మూరలైతే కుచ్చిళ్లు నిండుగా వస్తాయి. '9×5' అని రాసి ఉంటే తొమ్మిది మూరల పంచె, ఐదు మూరల ఉత్తరీయం అని అర్థం. ఇక పన్నా సాధారణంగా యాభై అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. బొడ్డు దగ్గర నుంచి చీలమండ దాకా టేపుతో కొలిచి, మడత దోపడానికి నాలుగైదు అంగుళాలు కలుపుకుంటే సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. ప్యాంటు కొలత దీనికి పనికిరాదు. ప్యాంటు నిలిచేది తుంటి మీద, పంచె కట్టేది బొడ్డు దగ్గర.

తర్వాత నేత సంగతి. మాకు పట్టంటే ధర్మవరమే. 2022లో జిల్లా విడిపోయి ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినా, పెళ్లంటే మేం ఇంకా అక్కడికే బస్సెక్కుతాం. ఆ ఊరి చేనేత పట్టుచీరలకూ పావడాలకూ భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కానీ పదహారేళ్ల పిల్లాడి మొదటి పంచెకు పట్టెందుకు? ఏడాదికింకా రెండంగుళాలు పెరిగే వయసు. మంచి నూలు పంచె చాలు.

నూలు పంచెలకు మన దగ్గర తక్కువేం లేదు. మంగళగిరి నూలు గట్టిగా, కట్టుకు నిలిచేలా ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు సన్నదనానికి పెట్టింది పేరు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసి, చేత్తో వడుకుతారు. ఆ శ్రమకు తగ్గట్టే ధర కూడా. మా పొరుగున ఎమ్మిగనూరులో పద్మశ్రీ మాచాని సోమప్ప 1938లోనే నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు. 1976లో మొదలైన ఆప్కో బట్టలు కూడా ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి.

1985లో వచ్చిన చట్టం చీరలతో పాటు అంచులున్న కొన్ని రకాల పంచెలను కూడా చేనేతకే ప్రత్యేకించింది. అయినా మరమగ్గం మీద నేసి చేనేత అని అమ్మేవాళ్లున్నారు. అందుకే ప్రకటనలో చేనేత గుర్తు 'హ్యాండ్లూమ్ మార్క్' ఉందేమో చూడాలి. పట్టైతే 'సిల్క్ మార్క్' అడగాలి. గుడ్డ చేతికొచ్చాక అంచుల పక్కన చూడండి. మగ్గం మీద బట్ట బిగువుగా నిలవడానికి గుచ్చిన సూదుల సన్నని గుర్తులు కనిపిస్తే చేతి నేత అనుకోవచ్చు.

ఒక చేనేత సంఘం అంగడి నుంచి ఎనిమిది మూరల పంచె, ఉత్తరీయం మావాడికి 980 రూపాయలకు, నాయనకు తొమ్మిది మూరలది 1,250కి తెప్పించాం. ఎర్రంచు తాతకు, ఆకుపచ్చంచు మనవడికి. రెండు జతలూ 2,230 అయ్యాయి. మిగతా హంగుల దగ్గర మావాడికి ఆశ పుట్టింది. పంచె మీదికి ప్రత్యేకం బెల్టు, ఉత్తరీయానికి పిన్ను, లాల్చీకి గుండీల జత... కార్టులో వేసుకుంటూ పోతున్నాడు. ఒక్కొక్కటే తీసేయించాను. ఇంట్లో ఉన్న తెల్లచొక్కా చాలు, తాత బెల్టు ఉంది, మామూలు తోలు చెప్పులు ఉన్నాయి. మొదట గుడ్డ మంచిది కొనాలి. హంగులు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

గళ్ల లంగా, తెల్ల పంచె

"మా ఫ్రెండ్స్ నవ్వుతారేమో" అన్నాడు మావాడు ఒకరోజు. నాకేం చెప్పాలో తోచలేదు. వాడే యూట్యూబులో ఏదో చూసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. స్కాట్లాండ్‌లో మగవాళ్లు పెళ్లిళ్లకు కిల్టు అని, గళ్ల ఉన్నిగుడ్డతో కుచ్చిళ్లు పెట్టిన లంగాలాంటిది కట్టుకుంటారట. పూర్తి కిల్టుకు ఎనిమిది గజాల గుడ్డ పడుతుంది. మన పంచెకు ఎనిమిది మూరలేగా! అక్కడివాళ్ల తిరుగుబాటు అణిచాక బ్రిటిష్ ప్రభుత్వం 1746లో చట్టం చేసి ఆ దుస్తుల్ని నిషేధించింది. 1782లో గానీ ఎత్తేయలేదు. ఇప్పుడేమో కుర్రాళ్లు గొప్పగా కట్టుకుని పెళ్లిళ్లకు పోతున్నారు. "వాళ్లకు లేని సిగ్గు నాకెందుకమ్మా" అన్నాడు. 1921లో గాంధీగారు మధురలో చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయికి మారిన సంగతి నేనూ చెప్పాను. ఒంటి మీది గుడ్డ ఒక్కోసారి మాటకంటే ఎక్కువ చెబుతుంది.

ఇక పాఠాలు. కొత్త పంచెను ఒకసారి నీళ్లలో జాడించి ఆరేయమన్నాడు నాయన. గంజి పోతే గానీ ఒంటికి అతుక్కోదట. మంచం మీద కూర్చుని ఎడమచేత్తో చూపిస్తూ చెప్పేవాడు. "నడుమెనక్కి పంచె నడిమి భాగం రావల్ల. రెండు కొసలూ ముందుకు తీసుకో. బొడ్డు కాడ బిగించి ముడెయ్యి. ఊపిరి బిగబట్టొద్దు, తర్వాత జారిపోతాది. ఒక కొస కుచ్చిళ్లు పోసి కాళ్ల మధ్య నుంచి ఎనక దోపు. రెండో కొస ముందర దోపు." మొదటి వారం నాలుగడుగులు వేస్తే ఊడిపోయేది. ఇంట్లో అందరం నవ్వేవాళ్లం, నాయనతో సహా. జబ్బు చేశాక ఆయన అంతగా నవ్వడం అదే చూశాను.

పెళ్లినాడు తెల్లవారుజామున తలుపేసుకుని తాతా మనవడూ లోపల చాలాసేపు ఉన్నారు. బయట అమ్మ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. తలుపు తెరుచుకుంటే ముందు నాయన వచ్చాడు. ఎర్రంచు పంచె, కుచ్చిళ్లు కాస్త ఎడమవైపుకు వాలాయి. కుడి చేతిని కండువా కప్పింది. పీటల దగ్గర అమ్మ పక్కన చివరిదాకా కూర్చున్నాడు. తలంబ్రాల వేళ మావాడి గోచి వదులైతే ఉత్తరీయం చాటున తనే సర్దుకున్నాడు. స్నేహితులు నవ్వలేదు. ఇద్దరు మాత్రం ఎక్కడ కొన్నావని అడిగారట.

ఇప్పుడు వాడు సెలవులకు ఊరికి పోతే పొద్దున్నే తాతకు పంచె కట్టడం వాడి పనే. మిగతా రోజుల్లో మా తమ్ముడు కడుతున్నాడు, వాడూ నేర్చుకున్నాడు మరి. పైజామాలు ట్రంకుపెట్టెలోకి పోయాయి.

మీ ఇంట్లో కూడా పంచె కట్టే పెద్దాయన, కట్టడం రాని పిల్లాడు ఉంటే ఈ సెలవుల్లో ఒక పంచె తెప్పించండి. పొడుగు చూడండి, నూలు చూడండి, ప్రకటన ఆఖరి అక్షరం దాకా చదవండి. కట్టడం మాత్రం ఫోనులో చూసి కాదు, ఆ పెద్దాయన్ని అడిగి నేర్చుకోమనండి.