రక్తపుగడ్డలను నివారించు మందు: అరుదైన యొక ప్రమాదము

భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో ప్రారంభమైనది. కర్మాగారపు పనులకై వచ్చిన తెలుగు కుటుంబములు పవర్ హౌస్ ప్రాంతమునను, దాని చుట్టుపట్లను స్థిరపడినవి. ఎల్లయెడలవలెనే అచ్చటను, కాలి సిరలలో రక్తపుగడ్డ ఏర్పడినవారికిని, గుండె కవాటము మార్పించుకొన్నవారికిని వైద్యులు వార్ఫరిన్ మాత్రలను వ్రాయుదురు. ఇది 1948లో ఎలుకల మందుగా వెలువడి, 1954 నుండి మనుష్యుల చికిత్సకు వచ్చినది. ఆ మాట విని బెదరి మాత్ర మానుట తగదు. మోతాదే ఇచ్చట ముఖ్యము.

ఈ మందువలన రక్తస్రావము కలుగవచ్చునని పలువు రెరుగుదురు. నల్లని మలము, ఆగని ముక్కురక్తము, హఠాత్తుగా వచ్చు తీవ్రమైన తలనొప్పి దాని గుర్తులు. అంతకంటె మిక్కిలి అరుదైనది చర్మము కుళ్లుట. వేయిమందిలో ఒకరికి మించి ఇది రాదు.

దీని కారణము విచిత్రమైనది. విటమిన్ కె సాయమున కాలేయము రక్తమును గడ్డకట్టించు పదార్థములనే గాక, గడ్డను అదుపుచేయు ప్రోటీన్ సి అను పదార్థమును గూడ తయారుచేయును. వార్ఫరిన్ రెంటిని అడ్డగించును. ప్రోటీన్ సి కొలది గంటలలో తరిగిపోవును. గడ్డకట్టించు పదార్థములలో కొన్ని దినములతరబడి నిలుచును. అందుచే మొదటి దినములలో రక్తము మరింత సులభముగా గడ్డకట్టుటకు అవకాశము కలదు. కొత్తగా గడ్డ ఏర్పడినవారికి మాత్రతోపాటు కనీసము 5 దినములు హెపారిన్ సూదిమందు ఇచ్చుట ఇందులకే. "మాత్ర యిచ్చిన పిదప సూది యెందుకు?" అని తొందరపడి రోగిని ఇంటికి గొనిపోవుట ప్రమాదకరము.

మందు మొదలిడిన 3వ దినము మొదలు 10వ దినములోపల స్తనములు, తొడలు, పిరుదులు, పొట్ట వంటి క్రొవ్వుగల చోట్ల తీవ్రమైన నొప్పి పుట్టి, చర్మము ఎఱ్ఱబడి, పిదప నల్లబడి బొబ్బలెక్కును. ఇది స్త్రీలలో ఎక్కువ. సిగ్గుచే చెప్పక, సెగగడ్డయని పసుపు పట్టువేసి కూర్చుండినచో ఆ భాగమును కోసి తీసివేయవలసి రావచ్చును. మరుసటి మాత్రకు ముందే ఆసుపత్రికి పోవలెను. వైద్యులు వార్ఫరిన్ నిలిపి, విటమిన్ కె యిచ్చి, గడ్డలను వేరొక మందుతో అదుపుచేయుదురు.

ప్రోటీన్ సి లోపము వంశమున సంక్రమింపవచ్చును. తల్లిదండ్రులకు గాని, తోబుట్టువులకు గాని చిన్న వయస్సుననే రక్తపుగడ్డలు ఏర్పడియుండినచో, ఆ సంగతిని మొదటి మాత్రకు ముందే వైద్యునకు తెలుపవలెను.