తెర ఆగింది... తప్పెవరిది?

‘సార్‌... మీ స్క్రీన్‌ ఇంకా పాత పేజీలోనే ఉంది!’ ఒకరి ఫిర్యాదు. ‘నాకు బాగానే వస్తోందే’ ఇంకొకరి జవాబు. ఈలోగా చాట్‌బాక్స్‌ నిండిపోతుంది. ఆన్‌లైన్‌లో సాఫ్ట్‌వేర్‌ పాఠాలు చెప్పే అమీర్‌పేట శిక్షకులకు ఇది కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో ఉదయం ఆరున్నరంటే, వేసవిలో న్యూజెర్సీలో ముందురోజు రాత్రి తొమ్మిది. పగలంతా ఉద్యోగం చేసి, ఫీజు కట్టి, నిద్ర ఆపుకుని కూర్చున్నవాళ్లు. డెమోలో రెండు కమాండ్లు జారిపోతే ఆ రోజు పాఠం మొత్తం పోయినట్టే!

ముందుగా నింద పడేది జనం మీద. ‘ఐదొందలమంది ఉంటే నెట్‌ ఎలా సరిపోతుంది?’ అంటారు. అది అపోహే. జూమ్‌లాంటి వాటిలో శిక్షకుడి కంప్యూటర్‌ ఐదొందల ప్రతులేమీ పంపదు. తన తెరను సర్వర్‌కి పంపి ఊరుకుంటుంది. అక్కణ్నుంచి అందరికీ పంచడం సర్వర్‌ పని.

మరి ఆగుతున్నదెక్కడ? ఒకరిద్దరికే ఆగితే వాళ్ల వైఫైనో, ఆఫీసు వీపీఎన్‌నో చూసుకోవాలి. అందరికీ ఒకేసారి ఆగిందా... శిక్షకుడి టేబుల్‌ దగ్గరే వెతకాలి. మనం గొప్పగా చెప్పుకునే నెట్‌ వేగం డౌన్‌లోడ్‌ది. పాఠానికి కావలసింది అప్‌లోడ్‌. వైఫై వదిలి కేబుల్‌ పెట్టుకుంటే సగం చిక్కు అక్కడే తీరొచ్చు. అయినా తీరలేదంటే ల్యాప్‌టాప్‌ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెబ్‌క్యామ్‌, వెనక ఉత్తుత్తి బీచ్‌ బొమ్మ, రికార్డింగ్‌, వీటికితోడు డెమో నడిచే వర్చువల్‌ మెషీన్‌... అన్నీ దాని నెత్తినే. వేడెక్కిన ప్రాసెసర్‌ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. చూసేవాళ్లకి మాత్రం అది నెట్‌ లోపంలాగే కనిపిస్తుంది! 4కె మానిటర్‌ పంచుకుంటే భారం ఇంకా ఎక్కువ. మామూలు హెచ్‌డీ తెరలో చుక్కలు 20 లక్షల పైచిలుకు, ఇందులో దాదాపు 83 లక్షలు. అక్షరాలు చూపించడానికి అంత తెర దేనికి?

జనం సంఖ్య నిజంగా దెబ్బకొట్టేది ల్యాబ్‌లో. ‘ఇప్పుడు మీరంతా చేయండి’ అనగానే ఐదొందలమంది ఒకే సర్వర్‌ మీద పడతారు. బంతి భోజనాల్లో అందరికీ ఒక్కడే వడ్డించినట్టు! దించుకునే ఫైళ్లతో ఇంకో తంటా. లాగిన్‌ కాకుండా ఒకే ఐపీ అడ్రస్‌ నుంచి 6 గంటల్లో 100 సార్లకు మించి దించుకోనివ్వని పరిమితిని డాకర్‌ హబ్‌ 2020 నవంబరులో తెచ్చింది. ల్యాబ్‌ అంతా ఒకే అడ్రస్‌ మీద బయటికి వెళ్తుంటే వెనకబడినవాళ్లకి ఎర్రక్షరాలే. ఫైళ్లు ముందురోజే ల్యాబ్‌లో పెట్టుకోవడం, యాభైమంది చొప్పున వదలడం... ఇవేం పెద్ద విద్యలు కావు. శిక్షకుడి డెమోకి మాత్రం వేరే మెషీన్‌ ఉండాల్సిందే.

అన్నిటికన్నా చవకైన ఉపాయం ఎందుకో చాలామందికి తట్టదు. పాత ఫోన్‌తో, మొబైల్‌ డేటా మీద, తన క్లాసులో తానే విద్యార్థిగా చేరి పక్కన పెట్టుకోవడం. తన తెర మీద మారింది ఫోన్‌లో ఎన్ని సెకన్లకు మారుతోందో అప్పుడు కళ్లకు కడుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ మాట నెమ్మదిస్తే సరి.

పావుగంట పట్టే ఇన్‌స్టలేషన్‌ని ముందే రికార్డు చేసి చూపిస్తే మోసమా? కాదు. ఖాళీ తెర చూపిస్తూ పావుగంట గడపడమే అన్యాయం. కమాండ్లను చాట్‌లో పెట్టడం మాత్రం మరవకూడదు. బొమ్మ రాని కనెక్షన్‌ మీద కూడా నాలుగు అక్షరాలు వచ్చేస్తాయి.