శాసనసభ ఫెలోషిప్

డిగ్రీ పూర్తయిన యువత కొన్ని నెలలపాటు చట్టసభ సిబ్బందిలో కలిసి, జీతం తీసుకుంటూ పనిచేసే ఏర్పాటే శాసనసభ ఫెలోషిప్. అమెరికాలో పలు రాష్ట్రాల్లో ఇవి ఉన్నాయి. పేరున్నది కాలిఫోర్నియాది. అక్కడి అసెంబ్లీ 1957లోనే దీన్ని మొదలుపెట్టింది. తర్వాత దానికి మాజీ స్పీకర్ జెస్సీ అన్రూ పేరు పెట్టారు. 1973లో సెనేట్ కూడా సొంత ఫెలోషిప్ తెచ్చుకుంది.

ఎంపికైనవారు రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో ఒక సభ్యుడి కార్యాలయంలోనో, కమిటీలోనో చేరతారు. శాక్రమెంటో స్టేట్ యూనివర్సిటీలో పీజీ స్థాయి సెమినార్లకూ హాజరవుతారు. ఆఫీసులో చేసేది ఫైళ్లు మోసే పని కాదు. ఉదాహరణకు, బిల్లు కమిటీ ముందుకు వచ్చేముందు ఒక విశ్లేషణ పత్రం తయారవుతుంది. ఇప్పుడున్న చట్టం ఏమంటోంది, బిల్లు ఏం మారుస్తుంది, ఖజానాపై భారమెంత, ఏయే సంఘాలు సమర్థించాయి, ఏవి వ్యతిరేకించాయి అన్నీ అందులో ఉంటాయి. ఇలాంటి పత్రాలకు కావాల్సిన పరిశోధనలో ఫెలోలు చేయి వేస్తారు.

సభ్యులు మారిపోతుంటారు, విషయం తెలిసిన సిబ్బంది లేకపోతే లాబీయిస్టులు చెప్పిందే వేదమవుతుంది. ఈ ఫెలోషిప్‌ల అసలు విలువ ఇక్కడే ఉంది.

మన దేశంలో చట్టసభలపై పరిశోధన చేసే పీఆర్‌ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్ వీటికి దగ్గరి చుట్టం. అందులో ఒక్కో ఫెలో ఒక్కో ఎంపీకి సాయపడతారు. పార్లమెంటుకు దక్కిన ఈ సాయం హైదరాబాద్, అమరావతి సభల్లోని ఎమ్మెల్యేలకూ అందాలి. బడ్జెట్ పద్దులు చదివి, సూటిగా ప్రశ్న రాసిచ్చే మనిషి వారికీ అవసరమే.