వార్తల్లో పదం: పిగ్ బుచరింగ్

సైబర్ నేరాల వార్తల్లో తరచూ కనిపిస్తున్న ఈ మాటకు అర్థం, పందిని మేపి కోయడం. నకిలీ ప్రొఫైల్‌తో పరిచయమై, వారాల తరబడి స్నేహమో ప్రేమో నటించి, చివరికి బూటకపు పెట్టుబడుల్లోకి దింపి ఉన్నదంతా ఊడ్చేసే మోసమిది. చైనీస్ మాట ‘షా ఝూ పాన్’ దీనికి మూలం. బాధితులను కించపరిచే ఈ పేరు వదిలి ‘రొమాన్స్ బెయిటింగ్’ అనాలని 2024 డిసెంబరులో ఇంటర్‌పోల్ కోరింది. సబబైన కోరికే.

మొదలు చిన్నదే: పొరపాటున వచ్చినట్టుండే ఒక ‘హాయ్’. మాటలు త్వరగానే వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో మారతాయి. తర్వాత ఒక ట్రేడింగ్ యాప్. పెట్టిన కొద్ది మొత్తానికి లాభం కనిపిస్తుంది, కాస్త వెనక్కి తీసుకోనిస్తారు కూడా. అసలు ఎర ఇదే. పెద్ద మొత్తం పెట్టాక తీసుకోబోతే ‘పన్ను’ కట్టమంటారు.

అమాయకులే మోసపోతారనుకోవద్దు. అమెరికాలోని కాన్సాస్‌లో ఒక బ్యాంకు అధిపతే ఈ వలలో పడి, బ్యాంకు సొమ్ము 4.7 కోట్ల డాలర్లు మళ్లించారు. 2023లో ఆ బ్యాంకు మూతపడింది.

అవతలి వైపూ బాధితులుంటారు. ఉద్యోగాల పేరుతో కంబోడియా తీసుకెళ్లి, తెలుగు యువకులతో ఇలాంటి మోసాలు చేయించిన ముఠా గుట్టు 2024 మేలో విశాఖ పోలీసులు రట్టు చేశారు.

కొత్త పరిచయం పెట్టుబడి మాటెత్తితే ఆగండి. ప్రొఫైల్ ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతికి చూడండి. డబ్బు పోతే, క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.