జెండాను బట్టి పర్మినెంటా?

నెల్లిమర్ల జూట్ మిల్లు, గరివిడి ఫెర్రో అల్లాయిస్, పైడిభీమవరం మందుల పరిశ్రమల వంటివి ఉన్న ఉత్తర కోస్తాలో కార్మిక సంఘం అనేది బతుకుతెరువుతో పెనవేసుకున్న విషయం. పర్మినెంటు కార్మికుడు రాని రోజున అతని స్థానంలో పనికి పిలుపు అందుకొనేవారిని బదిలీ కార్మికులంటారు. అటువంటి ఇద్దరిలో ముందు చేరినవాడు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయి, తరువాత వచ్చినా యాజమాన్యానికి నచ్చిన సంఘంలో చేరినవాడు పర్మినెంటు అయితే, అది యాజమాన్యం ఇష్టమని సరిపెట్టుకోవలసినది కాదు.

సంఘం పెట్టుకొనే హక్కును రాజ్యాంగంలోని 19వ అధికరణమే ఇచ్చింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1982 సవరణ ద్వారా చేరి, 1984లో అమలులోకి వచ్చిన ఐదవ షెడ్యూలు, సంఘ కార్యకలాపాల కారణంగా సీనియారిటీని మార్చడాన్నీ, ప్రమోషన్ ఆపడాన్నీ, సంఘాన్ని బలహీనపరచడానికి అర్హత లేనివారికి ప్రమోషన్ ఇవ్వడాన్నీ, పర్మినెంటు హక్కులు దక్కకుండా ఏళ్ల తరబడి బదిలీలుగానే ఉంచడాన్నీ ‘అనుచిత కార్మిక విధానాలు’గా పేర్కొని నిషేధించింది. తమలో చేరమని కార్మికులను బలవంతపెట్టే సంఘాలకూ ఈ నిషేధం వర్తించింది.

ఒప్పందాల విషయంలో మాత్రం కొంత చిక్కు ఉంది. కార్మిక శాఖ అధికారి రాజీ ప్రయత్నంలో కుదిరిన ఒప్పందం, అంటే కార్మికుల నోట నలిగిన ‘12(3) ఒప్పందం’, ఏ సంఘంలోనూ లేనివారితో సహా అందరికీ వర్తిస్తుంది. యాజమాన్యమూ ఒక సంఘమూ బయట కుదుర్చుకున్నది సంతకం చేసిన పక్షాలనే కట్టిపడేస్తుంది. పక్షపాతం చొరబడటానికి సందు దొరికేది ఈ రెండవ దారిలోనే. సంఘ నాయకులకు చట్టమే ఇచ్చిన ప్రత్యేక రక్షణ ఒకటుంది గానీ, వివాదం నడుస్తుండగా వారిని కక్షతో తొలగించకుండా ఆపడమే దాని ఉద్దేశం, ఇతరులకన్నా ముందు పర్మినెంటు చేయించడం కాదు.

ఈ అనుచిత విధానాలకు 1947 నాటి పాత చట్టంలో శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ; అయితే ప్రభుత్వం తరఫున ఫిర్యాదు వస్తే తప్ప కోర్టు కేసును స్వీకరించేది కాదు కాబట్టి, బాధితుడికి ఆ తలుపు దాదాపు మూసినట్లే ఉండేది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ జరిమానాను 10,000 రూపాయలకు తగ్గకుండా 2 లక్షల రూపాయల వరకు ఉండేలా పెంచి, మొదటి తప్పుకు జైలును తీసివేసింది; పెద్ద కంపెనీకి ఈ మొత్తం కూడా భారం కాదు.

యాజమాన్యం మనసులోని కారణాన్ని రుజువు చేయడమే అన్నిటికన్నా కష్టం. అందుకే రాజీ చర్చలకు వెళ్లే కార్మికుడి సంచిలో సీనియారిటీ జాబితా నకలు, తన తరువాత వచ్చినవాడి పర్మినెంటు ఉత్తర్వు తేదీ, సంఘం చందా రసీదులు ఉండాలి. అధికారి ముందు ఆ తేదీలను పక్కపక్కన పెడితేనే వివక్ష కంటికి కనిపిస్తుంది.