ఆసియా స్త్రీల సగటు ఆయుర్దాయము

జపానులో 2024వ సంవత్సరమున స్త్రీల సగటు ఆయుర్దాయము 87.13 ఏండ్లు. భారతదేశములో 2016-20 సంవత్సరములకు అది 71.4 ఏండ్లు. రెండును ఆసియా ఖండమునందలి దేశములే. ఈ అంకెలను చూడగనే జపాను స్త్రీలందరు 87వ ఏట, మన స్త్రీలందరు 71వ ఏట మరణింతురని విద్యార్థి తలపవచ్చును. అది సరికాదు. 1941-51 దశాబ్దమున భారత స్త్రీల సగటు ఆయుర్దాయము 31.7 ఏండ్లే. అయినను ఆనాడు కృష్ణా డెల్టా గ్రామములలో డెబ్బది దాటిన అమ్మమ్మలు లేకపోలేదు గదా!

సగటు చేయు ఈ తమాషా తెలియుటకు విజయవాడ ఆటోనగర్ వరకు పోయిన చాలును. అక్కడ షెడ్లలో లారీలకు బాడీలు కట్టుదురు, ఇంజనులు విప్పి బాగుచేయుదురు. ఒకేనాడు రోడ్డెక్కిన పది లారీలను ఊహింపుడు. నాలుగు లారీలు ఏడాది తిరుగుసరికి ప్రమాదములలో నుజ్జయి తుక్కు క్రింద పోయినవి. తక్కిన ఆరు 20 ఏండ్లు తిరిగినవి. మొత్తము 124 ఏండ్లు, సగటు 12.4. పన్నెండవ ఏట ఆగిన లారీ ఒక్కటియు లేదు! ఆ నాలుగును ప్రమాదము తప్పించుకొని తక్కిన వానివలె తిరిగియుండినచో సగటు 20 అయ్యెడిది. ఏ ఇంజనును ఇరువది ఏండ్లు దాటనక్కరలేదు. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో బల్లపై వేయించవచ్చును.

ఆయుర్దాయ పట్టికయు ఇట్టిదే. లక్షమంది ఆడశిశువులు ఒక్కసారి పుట్టినట్లు భావింతురు. ఈ ఏడు ఒక్కొక్క వయస్సున మరణముల రేటు ఎంత యున్నదో, అదియే వారికి జీవితాంతము వర్తించునని అనుకొందురు. వారు జీవించు మొత్తము ఏండ్లను లక్షచే భాగింతురు. కనుక ఆ అంకె జాతకము కాదు.

సమానమైన పోషణ, వైద్యము లభించినచో మగశిశువు కన్న ఆడశిశువుకే బ్రతుకు శక్తి హెచ్చు. జపానులో 1947లో పురుషులకు 50.06, స్త్రీలకు 53.96 ఏండ్లు. మన దేశమున ఇది తలక్రిందులై యుండెను. 1951-61లో పురుషులకు 41.9, స్త్రీలకు 40.6. 1981-85 నాటికి గాని స్త్రీల సగటు (55.7) పురుషుల సగటును (55.4) దాటలేదు. ప్రకృతి ఇచ్చినదానిని ఇంటిలోని పంక్తిభేదము, బాల్యవివాహము, వెంటవెంట వచ్చు కాన్పులు, రక్తహీనత హరించినవి. కాన్పు ఆడదానికి మరుజన్మ యని పెద్దలు అనుట ఊరకనే కాదు.

సింహళము, అనగా నేటి శ్రీలంక, ముందుగా మేలుకొన్నది. 1946 నుండి డి.డి.టి. విస్తారముగా చల్లి మలేరియాను అణచిరి. 1946లో వేయింటికి సుమారు 20గా ఉన్న మరణముల రేటు 1947లో 14కు దిగినది. ఇందులో మలేరియా వాటా ఎంత యను విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. కాని మలేరియా గర్భిణులకు మరింత ప్రమాదకరము. ఎఱ్ఱ రక్తకణములను నాశనము చేయును. దానికి తోడు శిక్షణ పొందిన మంత్రసానులు, ఉచిత వైద్యము, బాలికల చదువు కలిసివచ్చినవి. 1960 దశకములోనే అచ్చట స్త్రీల సగటు పురుషులను మించినది.

ఇంత అంతరము మన దేశములోపలనే కలదు. 2018-20లో లక్ష సజీవ జననములకు ప్రసూతి మరణములు కేరళలో 19, ఆంధ్రప్రదేశ్‌లో 45, అస్సాములో 195.

ప్రసూతి మరణములు ఇంతకు తగ్గిన తావులలో, ఇకపై సగటు పెరుగవలెనన్న వృద్ధాప్యపు జబ్బులను చూడవలసినదే. లారీ భాషలో, ప్రమాదములు తగ్గినవి. ఇక ఇంజను సంగతి. జపానులో 1960 దశకము నడుమ నుండి పక్షవాతపు మరణములు బాగుగ తగ్గినవి. రక్తపుపోటును కనిపెట్టి మందులిచ్చుట, భోజనములో ఉప్పు తగ్గించుట అందుకు ముఖ్య కారణములు. జపాను వారును మన డెల్టా వారివలె ఊరగాయలకు అలవాటుపడినవారే!