మీకు తెలుసా? పాలకూర, నేల ఉసిరి, రొయ్య పెంకు

◆ గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోమంటారు. ఆ ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరం మనిషే.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు, రాజమండ్రిలో చదువుకున్నారు. తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన తోడబుట్టినవాళ్లలో ఇద్దరిని రోజుల తేడాలో తీసుకుపోయింది. కొన్నాళ్లకు ఆయనకీ అదే పట్టుకుంది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. అల్లోపతి చదివిన ఆ మనిషి లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పి, 1922లో బోస్టన్ వెళ్లారు.

ఫోలిక్ యాసిడ్ కథ మొదలైంది మాత్రం మన దేశంలోనే. రక్తహీనతతో ఉన్న గర్భిణులకు ఈస్ట్ సారం పెడితే కోలుకుంటున్నారని లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయిలో గమనించి 1931లో రాశారు. ఆ సారంలో పనిచేసేదేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరను వడగట్టి, ఇగిర్చి, చివరికి ఆ పదార్థాన్ని కొద్దిగా పట్టుకోగలిగారు. అమెరికాలోని లెడర్లీ కంపెనీలో సుబ్బారావు నడిపించిన బృందం 1945లో దాన్ని ఆకుతో పనిలేకుండా తయారుచేసి చూపించింది. తన తోడబుట్టినవాళ్లను పొట్టనపెట్టుకున్న స్ప్రూకి కూడా అది మందయింది. ఈ మాట రాస్తున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

వంటింటి సంగతి కూడా చెప్పాలి. ఆకుకూరలోని ఫోలేట్ నీళ్లలోకి దిగిపోతుంది, ఎక్కువసేపు వేడి తగిలితే చెడిపోతుంది. ఉడికించి నీళ్లు వార్చేస్తే మంచిదంతా తూములోకి పోయినట్టే. తోటకూరయినా, చుక్కకూరయినా పప్పులో వేసి వండితే ఆ నీళ్లు గిన్నెలోనే ఉంటాయి.

◆ అదే ఫోలిక్ యాసిడ్ అణువులో ఒక చిన్న భాగాన్ని మారిస్తే క్యాన్సర్ మందు అవుతుంది. కణం దాన్ని అసలుదే అనుకుని లోపలికి తీసుకుంటుంది. దొంగ తాళంచెవి తాళంలో ఇరుక్కుపోయినట్టు అది అక్కడే అడ్డం పడి, కణం రెండుగా చీలకుండా ఆపుతుంది. సుబ్బారావు బృందం ఇచ్చిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్‌తో ఉన్న 16 మంది పిల్లలకు వాడారు. 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. అంతవరకూ ఆ జబ్బుకు మందే లేదు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ రక్త క్యాన్సర్‌కి, కీళ్లవాతానికి వాడుకలో ఉంది.

◆ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఈ రోజుల్లో ఇచ్చే మరో మందు విన్‌క్రిస్టిన్. అది మన గుమ్మాల ముందు, గుళ్ల దగ్గర, కడియం నర్సరీల్లో పూసే బిళ్లగన్నేరు ఆకులోది. కెనడాలో ఈ ఆకు షుగరుకు పనిచేస్తుందేమోనని పరీక్షిస్తుంటే, ఎలుకల రక్తంలో చక్కెర తగ్గలేదు కానీ తెల్లకణాలు పడిపోయాయి. అలా 1958లో విన్‌బ్లాస్టిన్ బయటపడింది. తర్వాత దొరికిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికా అనుమతి ఇచ్చింది. టన్నుల కొద్దీ ఎండుటాకు వాడితే దక్కేది గ్రాముల్లోనే.

బిళ్లగన్నేరు ఆకు నమిలితే షుగరు తగ్గుతుందని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి నమలకండి. ఆకులో ఏ పదార్థం ఎంత ఉందో, ఎంతవరకు మందో, ఎక్కడినుంచి విషమో తేల్చకుండా నోట్లో వేసుకునేది వైద్యం కాదు.

◆ కాలువలూ మురుగు కోడ్లూ ఉన్న డెల్టాకు బోదకాలు పాత శత్రువు. దాన్ని కలిగించే పురుగును మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ మోస్తుంది. ఆ పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని రాత్రిపూట పైరక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది పొద్దుపోయాక ఇంటింటికీ తిరిగి వేలికొస మీద రక్తం చుక్క తీస్తారు. ఊరంతటికీ పంచే డీఈసీ మాత్ర 1947లో వెలువడింది. అదీ సుబ్బారావు బృందానిదే. ఇది ఆకులోంచి తీసింది కాదు, ప్రయోగశాలలో కట్టిన అణువు. పుట్టిన గడ్డకు ఆయన తిరిగి రాలేదు, 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆయన మందు మాత్రం ఊరూరా వచ్చింది.

◆ మట్టి నుంచి కూడా మందు వస్తుంది. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్‌ను 1948లో ప్రకటించారు. మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలోని మట్టిలో దొరికిన సూక్ష్మజీవి దాన్ని తయారుచేస్తుంది. లెడర్లీలో ఆ జీవిని పట్టుకున్న బెంజమిన్ డగ్గర్ వయసు అప్పటికే డెబ్బై దాటింది.

◆ చేలగట్ల మీద మొలిచే నేల ఉసిరి పచ్చకామెర్లకు మందని మన పెద్దల నమ్మకం. ఆ ఆకులోని చేదు పదార్థం మీద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి.ఆర్. శేషాద్రి పనిచేసి 1946లో ప్రచురించారు. దాని పేరు ఫిలాంథిన్. అణువు నిర్మాణం తేలడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. వాల్తేరులోనే ఎల్. రామచంద్ర రావు బృందం 1966లో ఆ పని పూర్తిచేసింది. ఇంత పెద్ద పని మన విశ్వవిద్యాలయంలో జరిగిందని మన పాఠ్యపుస్తకాలు చెప్పాలని నా కోరిక.

మరి కామెర్లు తగ్గుతాయా? నేల ఉసిరితో హెపటైటిస్ బి రోగుల్లో చాలామంది రక్తంలోంచి వైరస్ గుర్తు పోయిందని 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో రాశారు. ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. చూడ్డానికి ఒకేలా ఉండే నేల ఉసిరి జాతులు ఒకటికి మించి ఉండటం ఇంకో చిక్కు. పసరు తాగుతూ ఆసుపత్రికి ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

◆ పొగాకులోనూ పనికొచ్చే పదార్థం ఉంది. సోలనెసాల్ అనే 45 కార్బన్ల గొలుసును ఆకులోంచి తీసి, గుండె రోగులు కొందరు వాడే కోఎంజైమ్ క్యూ10 తయారీకి ముడిసరుకుగా వాడతారు. 1947లో రాజమండ్రిలో పెట్టిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ దీని మీద పనిచేసింది. చుట్టగా కాల్చకుండా ఆకు అమ్ముకునే దారి రైతుకు దొరకాలంటే ఇలాంటి పని ఇంకా జరగాలి.

◆ ఏలూరు దగ్గర పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. గెల నుంచి తీసిన పచ్చి నూనె ఎర్రగా ఉంటుంది. విటమిన్ ఎ‌గా మారే బీటా కెరోటిన్ దాని రంగు. ప్యాకెట్‌లో కొనే నూనె తేలికరంగులో ఉందంటే శుద్ధిచేసేటప్పుడు ఆ కెరోటిన్ పోయిందన్నమాట.

◆ భీమవరం చుట్టుపక్కల చెరువుల రొయ్యను ఒలిచాక పారేసే పెంకులో కైటిన్ ఉంటుంది. దాన్ని యాసిడ్‌లో కరిగిస్తే గ్లూకోసమైన్ వస్తుంది. మోకాళ్ల నొప్పుల మాత్రల్లో కనిపించేది అదే. దాని మేలు గురించి పరీక్షలు ఒక్కమాట మీద లేవు. పెంకులో ఉన్న మరో పదార్థం ఆస్టాజాంథిన్ పచ్చి రొయ్యలో ప్రొటీన్‌తో ముడిపడి బూడిదనీలంగా ఉంటుంది. వేడికి ఆ ముడి విడిపోయి ఎరుపు బయటపడుతుంది. ఈ పదార్థాన్ని రొయ్య సొంతంగా మొదటినుంచీ చేసుకోలేదు, నాచు నుంచో మేత నుంచో తెచ్చుకోవాలి. మేతలో అది కరువైతే చెరువు రొయ్య ఎంత ఉడికించినా పాలిపోయినట్టే ఉంటుంది.